నలభై బస్తాల పరీక్ష

ఆ శనివారం ఉదయం సుందరరాజు వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఎనిమిదింటికి గోతిలో దిగడం, నాలుగింటికి పైకి రావడం, ఐదింటికి సత్యవేదం గారింట్లో కాఫీ తాగడం. మొదటి రెండూ ఉద్యోగం, మూడోది పెళ్ళిచూపులు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కానీ సంఘ పెద్ద సత్యవేదం గారు "మా అమ్మ మిమ్మల్ని ఓసారి చూడాలంటోంది బాబూ" అన్నాక, ఇస్త్రీ చొక్కా ఒకటి విడిగా సంచిలో పెట్టుకోవాలని పాతికేళ్ళవాడికి వేరే చెప్పాలా?

బందరులో మట్టి పరీక్షలు చేసే చిన్న కంపెనీలో అతను ఇంజనీరు. గూడూరు అవతల ఆ ఊళ్ళో క్రైస్తవుల పాత గుడి గోడ తొంభై తుఫానులో నిలువునా చీలింది. ఏడేళ్ళు తర్జనభర్జన పడి, సత్యవేదం గారి తల్లి సౌభాగ్యమ్మ గారు ఇచ్చిన పది సెంట్లలో కొత్త గుడి కట్టాలని సంఘం తీర్మానించింది. నల్లరేగడి నేల గనుక, పునాది వేసేముందు అది ఎంత బరువు మోస్తుందో తేల్చాలి. పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. ఛాతీ లోతు గొయ్యి తీసి, అడుగున మూరెడు వెడల్పు ఇనుప పలక పరిచి, దాని మీద దుంగ నిలబెట్టి, దుంగ మీద పెద్ద చెక్కబల్ల అమర్చి, పక్కకు ఒరగకుండా నాలుగు మూలలా తాళ్ళు కట్టాలి. బల్ల మీద ఇసుక బస్తాలు ఐదేసి చొప్పున పేరుస్తూ ఉంటే, గోతిలో కూర్చున్నవాడు పలక ఎన్ని వెంట్రుకవాసులు దిగిందో గేజీలో చూసి రాసుకోవాలి.

ఎనిమిదిన్నరకు కబురొచ్చింది. ఇసుక లారీకి అవనిగడ్డ దగ్గర ఇరుసు విరిగిందట.

"ఇసుకే కావాలా బాబూ? ధాన్యం బస్తాలు పనికిరావా?" అన్నారు సత్యవేదం గారు.

"ఎందుకు రావండీ, బరువు బరువేగా! నలభై చాలు. సాయంత్రం ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దాం."

సత్యవేదం గారికి అవతల అతిథి భోజనానికి మాంసం తెచ్చే తొందర ఉంది. స్కూటరు ఎక్కుతూ, గుడి మైకు చూసే ఏసుబాబును పిలిచి, "ఒరే, ఇంటికో ధాన్యం బస్తా కొత్త స్థలానికి తెమ్మని మైకులో చెప్పు. ఇంజనీరు గారు ఎలా పెట్టమంటే అలా పెట్టండి" అని మొవ్వ వైపు వెళ్ళిపోయారు.

ఏసుబాబు ఈ మాటను ఇరవై ఏళ్ళుగా ఏడాదికొకసారి మైకులో చెబుతూనే ఉన్నాడు. కోతలయ్యాక వచ్చే కోత పండుగ నాడు ప్రథమ ఫలాలుగా ఇంటికో బస్తా, గుమ్మడికాయో కోడో ఏది ఉంటే అది తెచ్చి గుడిలోని ఆరాధన బల్ల దగ్గర పెడతారు. ప్రార్థన కాగానే అక్కడికక్కడే వేలం వేస్తారు. పండుగకు ఇంకా పదిహేను రోజులున్నాయి. కొత్త స్థలం కదా, పెద్దలు ముందుకు జరిపారు కాబోలనుకున్నాడు ఏసుబాబు. బల్ల కూడా ఎదురుగా సిద్ధంగా ఉందాయె.

ఊరు కదిలి వచ్చింది. అప్పటికే సుందరరాజు గోతిలో ఉన్నాడు. ఎండ తగిలితే గేజీ ముల్లు చెదురుతుందని గోతి చుట్టూ తాటాకు తడికలు కట్టించుకున్నాడు. గేజీ మీంచి కన్ను తీయవద్దని మేనేజరు గారి ఆజ్ఞ. పైన ఆడవాళ్ళు పాటలు అందుకున్నారు. మట్టి పరీక్షకు ఇంత మర్యాద చేసే ఊరిని అతను చూడలేదు. అతను కేకేసినప్పుడల్లా ఐదేసి బస్తాలు పడ్డాయి. ఇరవై బస్తాలకు పలక నాలుగు మిల్లీమీటర్లు దిగింది. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

పన్నెండింటికి ప్రార్థన అయింది. జనానికి ఆకలి వేస్తోందని ఏసుబాబు మైకులో పాటల క్యాసెట్టు పెట్టేసి, నోటితోనే వేలం మొదలుపెట్టాడు. చేతికందేవి బల్ల మీది బస్తాలే గనుక ముందు అవే పోయాయి. పాడుకున్నవాళ్ళు బస్తాను కిందికి తోస్తున్నారు. దబ్బుమని చప్పుడు. పాటల హోరులో వేలం మాటలు వినబడని సుందరరాజు గోతిలో చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఐదూ అయ్యాయా?"

"అయ్యాయండీ!" పైనుంచి ఎవరో పలికారు.

ఇరవై ఐదు అని రాసుకుని గేజీ చూశాడు. ముల్లు వెనక్కి తిరిగింది. కళ్ళు నులుముకున్నాడు. ముప్పై బస్తాలకు ఇంకా వెనక్కి వచ్చింది. నలభై పూర్తయ్యేసరికి పలక ఒకటిన్నర మిల్లీమీటరు పైకి లేచింది. అతని ఒళ్ళు పులకరించింది. బరువు పెట్టేకొద్దీ పైకి తోసే నేల! ఇది ఏ ఇంజనీరుకూ దొరకని వింత!

సరిగ్గా అప్పుడే తడిక తొలగించి సత్యవేదం గారి అమ్మాయి గ్రేస్ మజ్జిగ గ్లాసు అందించింది.

"ఎలా ఉందండీ మా నేల?"

సుందరరాజు గొంతు సవరించుకున్నాడు. "పనికిరాదండీ. బరువు పెడుతుంటే తోసేస్తోంది. ఇక్కడ గుడి నిలవదు."

"మా నాయనమ్మ ఇచ్చిన స్థలమండీ ఇది."

"ఎవరిచ్చినా నేల నేలేనండీ" అన్నాడు సుందరరాజు, మీసం మీది మజ్జిగ తుడుచుకుంటూ. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అతని చెవులు ఎర్రబడతాయి.

గ్రేస్ ఖాళీ గ్లాసు తీసుకుని నేరుగా నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి క్యాసెట్టు ఆగింది. మైకులో ఓ ముసలి గొంతు వినిపించింది.

"నేను సౌభాగ్యమ్మనండీ. ముప్పై ఏళ్ళ కిందట సరిహద్దు రాయి బసవయ్య చేలోకి రెండడుగులు జరిపించాను. అందుకే ఈ నేల గుడిని తోసేస్తోంది. పాపం నాదే."

వేలంలో పాడదామని వచ్చిన పక్కచేను బసవయ్య మైకు అందుకున్నాడు. "ఊరుకో అక్కయ్యా! అంతకుముందే మా నాన్న మీ చేలోకి మూడడుగులు జరిపాడు. నాకు తెలిసీ నోరెత్తలేదు."

తరువాత ఏసుబాబు. "కిందటేడు పుంజును ఎవరూ పాడకముందే మూడోసారి అనేసి మా బావమరిదికి ఇచ్చేశానండీ."

తన గేజీ ఊరినే కదిలించేసిందని పొంగిపోతూ సుందరరాజు గోతిలోంచి పైకి వచ్చాడు. బల్ల మీద ఒక గుమ్మడికాయ, కాళ్ళు కట్టేసిన ఒక కోడిపెట్ట ఉన్నాయి. బస్తా ఒక్కటీ లేదు. బళ్ళ మీద ఉన్నాయి, సైకిళ్ళ మీద ఉన్నాయి, రెండు అప్పుడే వీధి మలుపు తిరుగుతున్నాయి.

సంగతి అర్థమయ్యేసరికి ముఖం మాడిపోయింది. మళ్ళీ గోతిలోకే దిగి మట్టి కప్పేసుకుందామనిపించింది. గేజీ చెడిపోయిందంటే సరిపోతుంది, ఇక్కడ ఎవరికి తెలుసు? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి చాలాసేపు అక్కడే ఉంది. కానీ సౌభాగ్యమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి తన మూలాన ఊరందరి ముందూ తల దించుకుంది. గ్రేస్ ఖాళీ గ్లాసు పట్టుకుని ఇటే చూస్తోంది. మాంసం సంచితో తిరిగొచ్చిన సత్యవేదం గారు ఏమీ అర్థంకాక స్కూటరు దిగకుండానే ఉండిపోయారు.

సుందరరాజు మైకు తీసుకున్నాడు.

"నేల తప్పేం లేదండీ. బస్తాలు తీసేస్తుంటే పెడుతున్నారనుకున్నాను. పైకొచ్చి చూడలేదు. చూడకుండానే పనికిరాదన్నాను. అమ్మగారూ, క్షమించండి."

ఊరు ఒక్కసారి ఊపిరి పీల్చి, పగలబడి నవ్వింది. సౌభాగ్యమ్మ గారు మాత్రం నవ్వలేదు.

"అయితే నేల మంచిదేనా?"

"తెలీదండీ. పరీక్ష ఇంకా అవలేదు."

"మరి నేను చెప్పింది వెనక్కి తీసుకోవచ్చా?"

"కుదరదు అక్కయ్యా, తాడు తెచ్చేశాను" అన్నాడు బసవయ్య. చేను అప్పటికే సగం కొలిచాడు.

సౌభాగ్యమ్మ గారు సుందరరాజును ఎగాదిగా చూశారు. "తప్పు ఒప్పుకోడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఈ అబ్బాయికి అరగంట పట్టింది."

"ఐదు నిమిషాలే నాయనమ్మా. నేను చూస్తూనే ఉన్నాను" అంది గ్రేస్.

"సరే, వచ్చే శనివారం మళ్ళీ రమ్మను. బస్తాలు నేను లెక్కపెడతాను. ముందు కాళ్ళు కడుక్కుని కాఫీ తాగమను."

ఇస్త్రీ చొక్కా సంచిలోనే ఉండిపోయింది. మరుసటి శనివారం నేల నలభై బస్తాలూ నిక్షేపంగా మోసింది. బందరు కంపెనీ వారి పరీక్ష ఫారంలో మాత్రం అప్పటినుంచి పదకొండో నిబంధన ఒకటి ఉంది: పరీక్ష ముగిసేవరకు బల్ల మీది బరువును వేలం వేయరాదు.