తలుపు దాకా రానివ్వకు

ఆ మంగళవారం ఉదయం బెరిల్ ఆర్మరాడ్ భర్తకు ఒకే ఒక్క పని అప్పగించింది. ఊరి కౌన్సిల్‌కు కట్టాల్సిన ఇంటి పన్ను బాకీ రెండువందల పది పౌండ్లు. వసూలు కంపెనీ ఉత్తరం పంపినందుకు దానికి మరో డెబ్భై ఐదు తోడయింది.

"గడువు నిన్నటితో అయిపోయింది, క్లైవ్. జప్తు మనిషి మన గడపలోకి రాకముందే ఫోన్ చేసి, నెలనెలా కడతామని చెప్పు," అని, కుట్టిన కర్టెన్లు ఇచ్చి రావడానికి బస్సెక్కింది. బర్న్లీలోని ఆ ఇల్లు ఆమె చేత్తో తిప్పే కుట్టుమిషన్ మీదే నడుస్తోంది.

క్లైవ్ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. పక్కింటి రాయ్ గోడ మీంచి తొంగి చూసి సంగతి కనుక్కున్నాడు. తనకు తెలియని విషయం ఉందని రాయ్ ఏనాడూ ఒప్పుకోలేదు.

"ఫోన్ చేస్తే దొరికిపోతావ్. జప్తు మనిషి తలుపు దాకా వస్తే ఫీజు రెండువందల ముప్పై ఐదు పౌండ్లు. వచ్చినప్పుడల్లా అంతే. పోతూ పోతూ మిషన్ కూడా పట్టుకుపోతాడు."

"మరేం చెయ్యమంటావ్?"

"తలుపు దాకా రానివ్వకు."

క్లైవ్‌కు ఈ సలహా తెగ నచ్చింది. మిషన్‌ను ఇంటి ముందున్న కారు డిక్కీలో పెట్టి, దుప్పటి కప్పి, వీధి మొదట్లో కాపు కాశాడు. కాసేపటికి నల్లకోటు వేసుకున్న ఒకాయన ఇళ్ల నంబర్లు చదువుకుంటూ వచ్చి, ఆర్మరాడ్ గారిల్లు ఎక్కడని అడిగాడు.

"కుట్టుపని చేసే బెరిల్ ఇల్లేనా? మానేసిందండీ. చూపు పోయింది పాపం," అన్నాడు క్లైవ్. ఇక మిషన్ ఊసెత్తడని అతని ధీమా. పైగా ఆయన్ను కెఫేకు తీసుకెళ్లి టీ, బేకన్ రొట్టె ఇప్పించాడు. ఆయన బెరిల్ గురించి చాలా బాధపడ్డాడు. జప్తు మనిషికి ఇంత మంచి మనసుంటుందని క్లైవ్ అనుకోలేదు.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి కారు చక్రానికి తాళం పడి ఉంది. అసలు జప్తు మనిషి డెస్మండ్ దాని పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడే బస్సు దిగిన బెరిల్ కూడా అక్కడే ఉంది.

"తలుపు కొట్టాను, ఎవరూ పలకలేదు," అన్నాడు డెస్మండ్. "వచ్చినందుకు రెండువందల ముప్పై ఐదు. పదిసార్లొచ్చినా ఒక్కసారే పడుతుంది. పొద్దున ఫోన్ చేసుంటే అదీ ఉండేది కాదు సార్. మీరు తలుపు తియ్యకపోతే నేను లోపలికి రాలేను. కారంటారా, రోడ్డు మీదే ఉంది. డిక్కీలో ఏముంది?"

క్లైవ్ తెరిచాడు. దుప్పటి తొలగించగానే బెరిల్ మొహం పాలిపోయింది.

"అది నా పనిముట్టు. చట్టప్రకారం పనిముట్లు తీసుకోకూడదు కదా," అంది.

"దాంతో మీరు పని చేస్తున్నట్టు నాకు తెలియాలి కదమ్మా."

నల్లకోటాయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "చూపు పోయిందని ఈయనే చెప్పారు. నేను అంత్యక్రియల హాలుకు కర్టెన్లు కుట్టిద్దామని వచ్చాను."

ఆ మిషన్ పోతే వచ్చే నెల ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. బెరిల్ కళ్లు తుడుచుకుని, మిషన్‌ను కారు బానెట్ మీద పెట్టింది. నల్లకోటాయన చేత కోటు విప్పించి, ఊడి వేలాడుతున్న లోపలి గుడ్డ చూసింది. మొదటిసారికే సూదిలోకి దారం ఎక్కించింది. వీధిలోనే తిన్నగా కుట్టేసింది. డెస్మండ్ ఆ కుట్టును వేలితో తడిమి చూసి, మిషన్‌ను తనే మోసుకెళ్లి గడప దగ్గర దించాడు. నెలనెలా కట్టే ఒప్పందం రాయించుకుని తాళం తీశాడు. నల్లకోటాయన కర్టెన్ల కొలతలు చెప్పి వెళ్లాడు.

"పోనీలే, ఆ ఫీజు ఒక్కసారితో సరి," అన్నాడు క్లైవ్.

"ఫీజు ఒక్కసారే," అంది బెరిల్. "నేను మాత్రం గుర్తొచ్చినప్పుడల్లా దెప్పుతాను."