అడినిన్ వారి సంబంధం

సంబంధాలు చూసే పెద్దల్ని తిట్టుకోకండి. మీ ఒంట్లో ప్రతి కణంలోనూ వాళ్ళే పీటలు వేసుకుని కూర్చున్నారు! వాళ్ళు లేకపోతే మీరూ లేరు, ఈ పేపరు చదివే కళ్ళూ లేవు.

నమ్మరా? అయితే డి.ఎన్.ఏ. సంగతి వినండి. మెలి తిప్పిన నిచ్చెన అది. రెండు నిలువు కర్రలు, మధ్యన మెట్లు. ఇద్దరు చేతులు కలిపితే ఒక మెట్టు. ఆ ఇద్దరూ ఎవరంటే వాళ్ళు కాదు! ఊరంతటికీ నాలుగే ఇంటిపేర్లు. అడినిన్ వారి పిల్లని థైమిన్ వారికే ఇస్తారు, గ్వానిన్ వారి పిల్లని సైటోసిన్ వారికే. కోట్ల ఏళ్ళుగా ఇదే కట్టుబాటు. ప్రేమా లేదు, దోమా లేదు.

కణం రెండు కావలసినప్పుడు ఈ నిచ్చెన నిట్టనిలువునా విడిపోతుంది. సంసారాలన్నీ ఒక్కసారే రద్దు! ఎవరైనా కంగారు పడ్డారా? ఒంటరైన అడినిన్ మళ్ళీ థైమిన్ వారింటి నుంచే కొత్త జతని తెచ్చుకుంటుంది. పాత సగానికి కొత్త సగం కుదిరి, ఒక నిచ్చెన ఉన్నచోట అచ్చం అలాంటివే రెండు లేస్తాయి. కట్టుబాటు ఉంటే వంశం ఎలా నిలబడుతుందో చూశారా?

1953లో ఇంగ్లండులో ఇద్దరు దీన్ని కనిపెట్టి, తర్వాత పెద్ద బహుమతి కొట్టేశారు. అదీ ఒకావిడ ల్యాబులో తీసిన ఎక్స్‌రే ఫొటోని ఆవిడకి చెప్పకుండా చూసి! మరి పూర్ణా మార్కెట్లో చింతపండు బేరమాడుతూనే సంబంధాలు కుదిర్చే మన అత్తయ్యలకి ఏ బహుమతి ఇచ్చారు?

ఈ పోలిక విశాఖపట్నంలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పే రత్నరాజు మాస్టారిది. ఇలా చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు. మాస్టారు చర్చిలో పెద్ద, బోలెడు పెళ్ళిళ్ళు కుదిర్చాడు కూడా. ఆయన సూత్రం ఒక్కటే, మనవాళ్ళని మనవాళ్ళకే ఇవ్వాలి. ఆయన ప్రొటెస్టెంటు. కాథలిక్కులంటే వేరే గ్రహం వాళ్ళ కింద లెక్క. దేవుడు ఒకడే కదండీ అంటే, దేవుడు ఒకడేనయ్యా, వియ్యంకులు వేరు అనేవాడు.

అలాంటాయన కూతురు జయమణి, అదే కాలేజీలో బి.ఎస్సీ. చదువుతూ, షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్ జ్ఞానశేఖర్‌ని ఇష్టపడింది. కుర్రాడు కాథలిక్కు! మాస్టారు ఓపిగ్గా విని, జరగదని చెప్పి, భీమిలి నుంచి తమ సంఘంలోనే ఒక సంబంధం రప్పించాడు. పెళ్ళివారు కాలేజీ సైన్సు ఎగ్జిబిషన్ రోజునే వస్తామన్నారు. పిల్ల తెలివితేటలు కూడా చూస్తారని మాస్టారు మురిసిపోయాడు. వాళ్ళు ఆ రోజు ఊఁ అన్నారంటే జయమణి భీమిలి బస్సెక్కాల్సిందే.

ఎగ్జిబిషన్‌కి మాస్టారు మనిషెత్తు డి.ఎన్.ఏ. నిచ్చెన చేయించాడు. అడినిన్, గ్వానిన్‌లకి పెద్ద చెక్కముక్కలు, థైమిన్, సైటోసిన్‌లకి చిన్నవి. బిగించే పని కూతురికి అప్పగించాడు.

పెళ్ళివారు ముందు వరసలో కూర్చున్నారు. మాస్టారు గొంతు సవరించుకుని, కప్పిన గుడ్డ లాగాడు. నిచ్చెన ఒకచోట పొట్ట ఉబ్బి ఉంది, ఇంకోచోట నడుం నొక్కుకుపోయి ఉంది. చూస్తూండగానే పక్కకి ఒరిగి కాబోయే వియ్యంకుడి ఒళ్ళో వాలింది.

"ఏటమ్మా ఇది? అడినిన్‌కి అడినిన్‌నే కట్టీసేవేటి?" అన్నాడు మాస్టారు.

"మనోళ్ళని మనోళ్ళకే ఇవ్వాలని నువ్వే అన్నావు కద నాన్నా. అలాగే కట్టేను."

తప్పు దిద్దకుండా వదిలేస్తే మాస్టారెలా అవుతాడు? అలా కుదరదని చెప్పాడు. పెద్దదానికి చిన్నదే జత అన్నాడు. పెద్దవి రెండూ కలిస్తే మెట్టు పట్టదు, చిన్నవి రెండూ కలిస్తే అందదు అన్నాడు. కనిపెట్టినవాళ్ళలో ఒకాయన కూడా మొదట ఎవరిని వాళ్ళకే కట్టి చూసి, నిచ్చెన నిలబడక మానుకున్నాడన్నాడు. అక్కడ తన మాట తనకే వినపడి ఆగిపోయాడు. భీమిలి పెద్దమనిషి నిచ్చెనని గోడకి ఆనించి, ఉత్తరం రాస్తామని లేచాడు. ఆ ఉత్తరం రాలేదు.

సైన్సు మాస్టారు కాబట్టి సైన్సుకి తలవంచాడనుకున్నారా? మరుసటేడు డి.ఎన్.ఏ. పాఠం రాగానే, ఇది పరీక్షలో ఇవ్వరు, మీరే చదువుకోండి అనేశాడు. జ్ఞానశేఖర్‌తో జయమణి పెళ్ళి రిజిస్ట్రారాఫీసులో అయింది. మాస్టారు వెళ్ళలేదు, భార్యనీ వెళ్ళనివ్వలేదు. పాపం, ఆ పిల్ల గుమ్మం వైపు చూస్తూనే దండ వేసింది.

కట్టుబాటంటే అదీ! అందుకే పెద్దలు ఉండాలి అనేది.

మనవడు పుట్టాడని కబురు అందగానే మొదటి బస్సులో ఆస్పత్రికి దిగింది మాత్రం మాస్టారే. పిల్లాణ్ణి ఎత్తుకుని, ఈ ముక్కు మా వంశానిదేనని నర్సులకీ ఆయాలకీ పక్క మంచాలవాళ్ళకీ చెప్పి వచ్చాడు. జ్ఞానశేఖర్ తల్లి ఒకసారి పిల్లాణ్ణి ఇమ్మని చేతులు చాచి నిలబడింది.

మంచం మీద నుంచి జయమణి అంది, "సగమే నాన్నా మన వైపుది. మిగతా సగం ఆళ్ళది."

మాస్టారు విననట్టు కిటికీ వైపు తిరిగాడు. పిల్లాణ్ణి మాత్రం ఇవ్వలేదు.