అంజమ్మ మీద ఎంక్వైరీ

ఆ రోజు సత్తెమ్మ మామిడికాయ తొక్కు పెడదామనుకుంది. అంతకు మించి ఆమెకు వేరే ఉద్దేశమేమీ లేదు. కడిగి తుడిచిన కాయలు గంపలో ఉన్నాయి. ఆవాలు ఎండలో ఉన్నాయి. కారం పట్టించుకు రావడానికి కోడలు గిర్నీకి వెళ్లింది. కొడుకు చంద్రకాంత్ సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్లిపోయాడు. సత్తెమ్మ కాయలు కొట్టే కత్తి ముందేసుకుని మొదటి కాయను రెండు చెక్కలు చేసేసరికి వాకిలి ముందు మోటారు సైకిల్ ఆగింది. దిగినవాడు పోలీసు.

కోడలి సంగతి ఇక్కడే చెప్పాలి. ఆమె అసలు పేరు వాంజీరు, దేశం కెన్యా. కంది పంట మీద చదువుకోవడానికి పటాన్‌చెరు దగ్గరి పరిశోధన కేంద్రానికి వచ్చి, అప్పట్లో అక్కడే పొలం పనులు చూసే చంద్రకాంత్‌ను పెళ్లి చేసుకుంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట జనం ఆ పేరును పలికీ పలికీ ముందు అంజీరు చేశారు, తర్వాత అంజమ్మ చేశారు. ఆ పైన ఆమెకు ఇంకో పేరుండేదన్న సంగతే ఊరు మరిచిపోయింది. ఒకప్పుడు ఆమె ఉంగరాల జుట్టును ముట్టుకుని చూసి పారిపోయిన ఆడపిల్లలు, ఇప్పుడు పుట్టింటికి వచ్చినప్పుడల్లా తమ పిల్లల్ని ఆమె ఒళ్లో పడేసి సినిమాకు పోతున్నారు.

వచ్చిన కానిస్టేబుల్ పేరు బాలరాజ్. అప్పటికే ఊళ్లో రెండు చుట్లు తిరిగి చిరాకు మీద ఉన్నాడు. కిరాణా దుకాణంలో కెన్యా ఆమె ఎక్కడుంటుందని అడిగితే, "మా ఊర్ల ఫారినోళ్లు ఎవ్వరు లేరు సార్" అన్నారు. వాంజీరు అని పేరు చదివితే, "అంజీర్ గావాల్నంటే సంగారెడ్డి పోవాలె, ఈడ ఖర్జూరమే దొరుకుతది" అన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. నిజంగానే ఎవరికీ తట్టలేదు.

"చంద్రకాంత్ ఇల్లు ఇదేనా అమ్మా?" అన్నాడు బాలరాజ్.

"ఇదే. ఏం జేసిండు?"

"ఆయనేం జెయ్యలే. ఆయన భార్య సిటిజన్‌షిప్ ఎంక్వైరీకి వచ్చిన."

ఆ మాటలో సత్తెమ్మకు తెలిసింది ఒక్క ముక్కే, షిప్పు. షిప్పు అంటే ఓడ. కోడలు సముద్రం అవతలి నుంచి వచ్చిన మనిషి. పోలీసు వచ్చాడంటే ఆమెను ఓడెక్కించి వెనక్కి పంపడానికే వచ్చాడు. సత్తెమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

"కెన్యా ఆమె ఈ ఇంట్లనే ఉంటదా?"

"అసొంటోళ్లు ఈ ఇంట్ల ఎవ్వరు లేరు."

"మరి మీ కోడలు?"

"మా కోడలు అంజమ్మ."

"ఏ ఊరి పిల్ల?"

సత్తెమ్మ జన్మలో పోలీసుతో అబద్ధమాడలేదు. అలవాటు లేకపోవడం వల్ల, కిందటి వారమే వీరభద్రుడి దర్శనానికి వెళ్లొచ్చిన ఊరు నోటికొచ్చింది. "బొంతపల్లి" అంది.

బాలరాజ్ ముఖం విప్పారింది. "మాది బొంతపల్లే. ఎవరి బిడ్డ?"

"గుడి ఎనుక ఇల్లు."

"గుడి ఎనుక మా మేనమామ మల్లయ్య ఉంటడు."

"ఆయన బిడ్డనే."

"మా మామకు పిల్లలే లేరు గదా."

"ఉన్నది గీ ఒక్కతే" అంది సత్తెమ్మ.

బాలరాజ్ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టాడు. "మామా, ఇస్మాయిల్‌ఖాన్‌పేటల ఇచ్చిన బిడ్డ ఉన్నదా నీకు?"

అవతల ఆడగొంతు వినిపించింది. "ఏమంటున్నవ్ రా? ఎవరి బిడ్డ?" ఫోనెత్తింది మామ కాదు, అత్త. ఆ వెంటనే ఏదో గిన్నె గోడకు తగిలిన మోత. దూరం నుంచి మల్లయ్య గొంతు, "నాకేం తెల్వదే, నీ తోడు" అంటోంది. లైన్ కట్టయింది. తర్వాత బాలరాజ్ ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. ఎత్తడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఆ సందులో సత్తెమ్మ పెరటి గోడ దగ్గరికి పోయి పక్కింటి సంగయ్యను పిలిచింది. "జెర గిర్నీ కాడికి ఉరుకు. అంజమ్మను ఇంటికి రావద్దన్ననని చెప్పు."

"ఎందుకు వదినె?"

"అడుగకు. రావద్దు, గంతే."

సంగయ్య నమ్మకమైన మనిషి. ఒక్క అక్షరం పోకుండా తీసుకుపోయి, గిర్నీ దగ్గర అందరి ముందూ అప్పగించాడు. "అంజమ్మా, మీ అత్త నిన్ను ఇంటికి రావద్దన్నది. గంతే."

గిర్నీ ఆగింది. డబ్బాలు లైనులో అలాగే ఉండిపోయాయి, వాటి తాలూకు ఆడవాళ్లు కొంగులు బిగించారు. బాలరాజ్ మంచం మీద కూర్చుని, సత్తెమ్మ ఇచ్చిన నీళ్ల చెంబు ఎత్తేసరికి వాకిలి వాళ్లతో నిండిపోయింది.

"సత్తెమ్మా, అంజమ్మను ఎళ్లగొడ్తవా నువ్వు?" అంది కిరాణా దుకాణం దుర్గమ్మ. "నీ కాలు ఇరిగిననాడు నిన్ను ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయింది ఎవరు, నీ కొడుకా?"

"నువ్వు వద్దంటే మా ఇంట్ల ఉంటది" అంది ఇంకో ఆమె.

"కాదు, మా ఇంట్ల" అంది మరొకామె. అక్కడ చిన్న తగువు కూడా మొదలైంది.

అందరి వెనక నుంచి, చంకలో కారం డబ్బాతో, ముక్కు మీద కారపు పొడితో, తుమ్ముతూ వాంజీరు వచ్చింది. బాలరాజ్ లేచి నిలబడ్డాడు. ఫైలులోని ఫొటో చూశాడు, మనిషిని చూశాడు.

"వాంజీరు అంటే?"

"నేనే సార్. ఎండల వచ్చిండ్రు. నీళ్లు ఇచ్చిన్రా, లేదా?"

"బొంతపల్లి..." అన్నాడతను నీరసంగా.

"బొంతపల్లి గాదు సార్, కెన్యా. బొంతపల్లి అని ఎవరన్నరు?"

ఊరంతా సత్తెమ్మ వైపు తిరిగింది. సత్తెమ్మ మామిడి గంప పక్కన చతికిలబడింది. "షిప్పెక్కిస్తరంటే నేనేం జెయ్యాలె మరి" అని కళ్లొత్తుకుంది.

వాంజీరు డబ్బా దించి ఆమె పక్కన కూర్చుంది. "పంపేటందుకు గాదత్తమ్మా. ఇన్నేండ్లు పర్మిషన్ మీద ఉంటున్న. ఇగ ఈ దేశపుదాన్నే గావాల్నని నేనే దరఖాస్తు పెట్టిన. నీకు చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే."

"అంటే ఇన్ని దినాలు నువ్వు ఈ దేశపుదానివి కాదా?"

"కాదు."

"మరి ఓట్లప్పుడు..."

"నాకు ఓటు లేదత్తమ్మా."

ప్రతి ఎన్నికకూ సత్తెమ్మ కోడలిని బద్ధకస్తురాలని తిట్టింది. కోడలు నవ్వేసి, అందరూ ఓటేసి వచ్చేసరికి వంట చేసి పెట్టేది. ఒక్కసారి కూడా మారు మాట అనలేదు. తన ఇంట్లో, తన కళ్ల ముందే తిరిగే మనిషి, ఇంతకాలం ఈ దేశం గడప బయటే నిలబడి ఉందన్నమాట. ఆ ఓపిక ఎంత లోతుందో సత్తెమ్మకు అందలేదు.

బాలరాజ్ కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు. "దుకాణంల లేదన్నరు. అత్త లేదన్నది. ఉన్నదున్నట్టు రాస్తే ఆమె ఇక్కడ ఉంటలేదని ఫైల్ వాపస్ పోతది. ఇన్నేండ్ల కష్టం పాయె."

దుర్గమ్మ ముందుకొచ్చింది. "సార్, మీరు ఫారినామె ఏదని అడిగిండ్రు. లేదు గాబట్టి లేదన్నం. అంజమ్మ ఇల్లేదని అడుగుండ్రి, ఏ పిల్లనైనా అడుగుండ్రి."

బాలరాజ్ వాంజీరును చూశాడు. ఆమె అప్పటికే కత్తి తీసి పక్కన పెట్టి, ఈగలు ముసురుతున్న మామిడి చెక్కల మీద పొడిగుడ్డ కప్పుతోంది. అతను ఈసారి అంజమ్మ గురించి అడిగాడు. అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. ఫైలులో కాగితాలు చాలక, సంగయ్య వెళ్లి దుకాణం నుంచి ఇంకొన్ని తెచ్చాడు. సంతకాలూ వేలిముద్రలూ అయ్యాక బాలరాజ్ తన ఫోన్ సత్తెమ్మకు అందించాడు.

"ఇగ నువ్వు మా అత్తతోని మాట్లాడు. లేకుంటే మా మామకు ఇయ్యాల బువ్వ దొరకది."

చలికాలంలో సంగారెడ్డి కలెక్టరేట్ నుంచి పిలుపు వచ్చింది. సత్తెమ్మ గంజిపెట్టిన చీర కట్టి, కొడుకు పక్కన నిలబడింది. ఏదో కాగితం ఇచ్చి పంపుతారనుకుంది. కానీ అధికారి లేచి నిలబడ్డాడు, గదిలో అందరూ లేచారు, వాంజీరు చెయ్యెత్తి ప్రమాణ పత్రం తెలుగులో చదవడం మొదలుపెట్టింది. రాజ్యాంగానికి విశ్వాసంగా ఉంటానని, చట్టాలను పాటిస్తానని, పౌరురాలిగా తన విధులు నెరవేరుస్తానని. గొంతు మధ్యలో ఒకసారి వణికి, నిలబడింది. ఆ మాటల్లో సగం సత్తెమ్మకు అర్థం కాలేదు. అయినా ఒళ్లు జలదరించింది. దేశం అనేది ఇంత పెద్దదనీ, ఒక మనిషి గొంతులో ఇట్లా పడుతుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అంతా అయిపోయి, అధికారి నవ్వుతూ అభినందనలు చెబుతుంటే సత్తెమ్మ ముందుకు జరిగింది.

"సారూ, నేను ఎన్నడు గీ మాట అనలే. మరి నాది చెల్లుతదా?"

"మీరు ఇక్కడే పుట్టారు కదమ్మా. మీకు అవసరం లేదు."

"పుట్టుడు నా చేతుల ఉన్నదా సారూ? గీమె సోంచాయించి, కావాల్నని అడిగింది. నన్నయితే ఎవ్వరు అడుగలే."

అధికారి ఆ ప్రమాణ పత్రాన్ని మళ్లీ వాంజీరు చేతికిచ్చాడు. కోడలు ఒక్కొక్క మాటే చదువుతుంటే, అత్త చెయ్యెత్తి ఒక్కొక్క మాటే అంది. కూర్చోబోయిన గుమాస్తాలు మళ్లీ నిలబడ్డారు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఇప్పుడు ప్రమాణం చేసిన పౌరులు ఇద్దరున్నారు. మిగతావాళ్లు ఊరికే ఉంటున్నారు.