మా ఇంటి రంగు ఇంకా తేలలేదు, తేలకూడదు!

కొత్తిల్లు కట్టుకుంటున్నవాళ్ళకి నేనిచ్చే సలహా ఒక్కటే. పని పూర్తి కానివ్వకండి! మేస్త్రీని బతిమాలైనా ఆపండి. పెయింటర్ వెళ్ళిపోతానంటే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. ఏ గోడకి ఏ రంగో తేలిపోయిన ఇంట్లో ఇంక మాట్లాడుకోవడానికి ఏముంటుంది చెప్పండి?

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. కానీ కాపురమున్న ఇళ్ళన్నీ గుర్తున్నాయి. ఏ ఇంట్లో ఏ గోడకి చెమ్మ వచ్చేదో, ఏ గుమ్మం తలకి తగిలేదో ఇప్పుడడిగినా చెప్తాను. అప్పట్లో రంగు ఎంచుకోవడం అంటూ ఒక పని ఉండేది కాదు. గోడలకి సున్నం. తలుపులకి షాపులో ఏ డబ్బా మిగిలితే ఆ రంగు. నా పెళ్ళైన కొత్తలో మా వీధి వీధంతా తలుపులు ఒకటే నీలం. ఏ ఇల్లు ఎవరిదో తెలియక మా ఆయన ఒకసారి పక్కింట్లోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, పేపరు తిరగేస్తూ కాఫీ అడిగారు. వాళ్ళు ఇచ్చారు కూడా. బాగుందని ఇంకొంచెం అడిగేసరికి నేనే వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చాను.

అదీ ఒక బతుకేనా? రంగు గురించి ఒక గొడవ లేదు, ఒక అలక లేదు!

ఇప్పుడు మా అబ్బాయి ఇల్లు కట్టాడు. అద్దె ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమనేసరికి ఫినిషింగ్ మిగిలుండగానే దిగిపోయాం. "ఇంకేముందమ్మా, రెండ్రోజుల పని" అన్నాడు కాంట్రాక్టర్. అప్పట్నుంచి ఇంట్లో ఆయన పేరే రెండ్రోజులు. "రెండ్రోజులు ఫోన్ ఎత్తట్లేదు" అంటుంది కోడలు. "రెండ్రోజులు ఊళ్ళో లేడు" అంటాడు కొడుకు. విన్నవాళ్ళు మా ఇంట్లో ఎవరికో మతి చెడిందనుకుంటారు.

ఈ ఇంట్లో కింద ఒక గది నాది. ప్లాన్ గీయించినప్పుడే మా అబ్బాయి కాగితం మీద వేలు పెట్టి చూపించాడు, ఇది నీకేనమ్మా అని. తలుపుంటుందా అని అడిగాను. "గదన్నాక తలుపుండదా?" అని నవ్వాడు. ఆ మాట నేను మూటగట్టి దాచుకున్నాను. ఎందుకంటే, పుట్టింట్లో అక్కచెల్లెళ్ళమంతా ఒకే హాల్లో వరసగా పడుకునేవాళ్ళం. అత్తవారింట్లో గదీ ఉంది, తలుపూ ఉంది, కానీ పగలు తలుపేస్తే మా అత్తగారు దగ్గేవారు. తర్వాత పిల్లలు, తర్వాత పిల్లల పరీక్షలు, ఆ తర్వాత అద్దె ఇళ్ళలో హాల్లో టీవీ పక్కన నా మంచం. ఇంత వయసొచ్చినా లోపల గడియ పెట్టుకునే గది అంటూ నాకున్నది బాత్రూమ్ ఒక్కటే!

సరే, మొదలుపెట్టింది ఫినిషింగ్ సంగతి కదా. అందులో ఉన్న సుఖాలు ఒక్కొక్కటీ చెప్తాను.

మా ఎలక్ట్రీషియన్ బాత్రూమ్ లైటు స్విచ్ వంటింట్లో పెట్టాడు. ఇదేంటయ్యా అంటే వైరు అటే వచ్చిందన్నాడు. అది తనంతట తనే నడిచొచ్చినట్టు! కానీ నష్టమేముంది? మా మనవరాలు ఫోన్లో తల దూరిస్తే ఇదివరకు మనిషిని పలకరించేది కాదు. ఇప్పుడు స్నానానికి వెళ్ళినప్పుడల్లా అమ్మా లైటు, నాన్నా లైటు, నానమ్మా ఎవరు ఆపేశారు అని కుటుంబమంతటినీ గొంతెత్తి తలుచుకుంటోంది. ఇంట్లో మాటలు కరువయ్యాయని బాధపడేవాళ్ళు ఒక్క స్విచ్ మార్చి చూడండి!

ఆ బాత్రూమ్ నేల వాలు కూడా గొట్టం వైపు కాకుండా గుమ్మం వైపు పెట్టారు. నీళ్ళు పోవాల్సిన చోట పొడిగా ఉంటుంది, హాల్లో తడిగా ఉంటుంది. టైల్స్ మేస్త్రీ వచ్చి నేల మీద గోళీ వదిలి చూశాడు. అది దొర్లుకుంటూ వచ్చి కోడలి కాలి దగ్గర ఆగింది. వాలు బ్రహ్మాండంగా ఉందమ్మా అని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళిపోయాడు. లేదని ఎవరన్నారు? ఒకరు స్నానం చేస్తే హాలు కూడా కడిగినట్టవుతోంది. పనిమనిషిని ఎందుకు మానిపించలేదో నాకే తెలియదు.

ఇక రంగులు. విసనకర్రలా విప్పే షేడ్ కార్డ్ ఒకటి ఇంటికొచ్చింది. కోడలు తెలుపు కావాలంది. కొడుకు కూడా తెలుపే కావాలన్నాడు. ఇద్దరిదీ ఒకే మాటైతే గొడవెందుకొచ్చింది అంటారా? అయితే మీరింకా ఇల్లు కట్టలేదన్నమాట! నాకు తెలిసిన తెలుపులు ఉతికిన తెలుపు, మాసిన తెలుపు. ఆ కార్డులో పాలమీగడ తెలుపుంది, ముత్యం తెలుపుంది, గుడ్డు పెంకు తెలుపుంది, మంచు తెలుపుంది. పాత కాగితం తెలుపని కూడా ఒకటుంది. కొత్తింటికి పాత కాగితం రంగెందుకో ఆ కంపెనీవాళ్ళకే తెలియాలి.

మా వాళ్ళిద్దరూ ఉద్యోగస్తులు. ఇదివరకు వాళ్ళ మాటలన్నీ గ్యాస్ బుక్ చేశావా, కరెంటు బిల్లు కట్టారా అన్నంతవరకే. ఇప్పుడు చూడండి! ప్లాస్టిక్ కవరు కప్పిన సోఫా మీద పక్కపక్కన కూర్చుని, కార్డు మీద తలలు ఆనించి, గంటలకొద్దీ మాటలే. ఇందులో పసుపు ఎక్కువుందంటాడు వాడు. పసుపు మీ కళ్ళలో ఉందంటుంది ఆవిడ. పెళ్ళైన కొత్తలో కూడా ఒకళ్ళ కళ్ళ గురించి ఒకళ్ళు ఇంతలా మాట్లాడుకుని ఉండరు.

మరి శాంపిల్ వేసి చూడాలిగా? హాలు రంగు హాల్లోనే వేసి చూస్తే గోడ పాడవుతుందట. "అమ్మ గదిలో వేద్దాంలే" అన్నాడు కొడుకు. అలా నా గది గోడ కాస్తా ఎగ్జిబిషన్ అయిపోయింది. నేను మంచం మీద కూర్చునుండగానే కొడుకు, కోడలు, పెయింటర్, ఒకసారైతే మా వియ్యపురాలు కూడా వచ్చి, చేతులు కట్టుకుని, తలలు పక్కకి వాల్చి చూసేవారు. కొంచెం కాళ్ళు పైకి పెట్టుకోండత్తయ్యా అనేది కోడలు. నేను పెట్టుకునేదాన్ని. మన కాళ్ళ వల్ల ఒకరి తెలుపు ఆగిపోకూడదు కదా!

విచిత్రం ఏంటంటే, ఏ తెలుపు వేసినా ఆకుపచ్చగా కొట్టేది. మంచు తెలుపు ఆకుపచ్చే, ముత్యం తెలుపూ ఆకుపచ్చే. అది విరగడానికి కొంచెం ఎరుపు కలపమన్నారు. ఇంకొంచెం కలపమన్నారు. ఆఖరికి ఒక పట్టీ అచ్చమైన తెలుపులా మెరిసింది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ రంగే హాలంతా వేయించారు. తెల్లారి లేచి చూస్తే హాలు హాలంతా జలుబు చేసినవాడి ముక్కులా ఎర్రగా ఉంది. కోడలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. పాపం, ఆ ఏడుస్తున్నప్పుడే బాత్రూమ్‌లోంచి మనవరాలు లైటు అని అరిచింది.

పెయింటర్ని తిట్టారు, కంపెనీని తిట్టారు, రెండ్రోజులుకి ఫోన్ చేశారు. ఆ వారంలోనే పెయింటర్ నా గది కిటికీ చువ్వలకి రంగు వేస్తూ, చుక్కలు బయట పడకుండా అట్టలు అడ్డం పెట్టి లైటు వేశాడు. అంతే, గోడ మీదున్న ఆకుపచ్చంతా ఎగిరిపోయింది. మెరిసిన ఆ తెల్లపట్టీ కూడా ఎర్రగా తేలింది. అట్ట తీసి చూస్తే ఏముంది? నా కిటికీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కింటి గోడ. దానికి చిలకపచ్చ రంగు. ఎండ దాని మీద పడి, ఆ పచ్చదనమంతా తీసుకుని నా గదిలోకి వస్తోంది. అంటే మేం ఇన్నాళ్ళూ పక్కింటి రంగుకి విరుగుడు కలిపించి, తెచ్చి మా హాలుకి పూశామన్నమాట!

ఇందులో కూడా మంచే ఉంది. అప్పటిదాకా పక్కింట్లో ఎవరుంటున్నారో మావాళ్ళకి తెలియదు. ఇప్పుడు రోజూ తలుచుకుంటున్నారు.

హాలుకి మళ్ళీ వేశారు. ఈసారి పాలమీగడ.

ఇక తలుపుల కథ. కార్పెంటర్ టైల్స్ పరవకముందే తలుపులు కొలిచాడు. టైల్స్ పడేసరికి నేల లేచింది, తలుపులన్నీ నేలకి పట్టేశాయి. అడుగున చెక్కుతూ వచ్చాడు. మా అబ్బాయి ఆఫీసు గది తలుపు దగ్గరికి వచ్చేసరికి చేతికి ఊపొచ్చిందో ఏమో, పిల్లి దర్జాగా నడిచి వెళ్ళేంత చెక్కేశాడు. ఆ సందులోంచి కుక్కరు కూతలు మీటింగులో వినిపిస్తున్నాయని, నా గదికి చేసిన తలుపు పట్టుకెళ్ళి వాడి గదికి బిగించారు. నా గదికి కర్టెన్ వచ్చింది. చెక్కిన తలుపు ఇటుకల మీద పడుకుని పెయింటర్‌కి బల్ల అయింది. దాని మీదే రంగులు కలిపేవాడు, దాని మీదే అన్నం తినేవాడు.

కర్టెన్ తక్కువదా ఏమిటి? ఎంత సౌకర్యమో! తట్టక్కర్లేదు, అడగక్కర్లేదు. మనవరాలు ఫోన్ చార్జింగ్‌కి వస్తుంది, కోడలు ఇస్త్రీ బల్లకి వస్తుంది, పెయింటర్ బ్రష్షులకి వస్తాడు. ఎవరూ రానప్పుడు గాలొచ్చి కర్టెన్ని లేపి, నేనేం చేస్తున్నానో హాలంతటికీ చూపిస్తుంది.

అలా అన్ని గదులూ అయ్యాయి. మిగిలింది నాదే. మా అబ్బాయి షేడ్ కార్డ్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఇది నీ గది, నీ ఇష్టం, ఎవరూ అడ్డు చెప్పరు అన్నాడు. ఎంత మంచివాడండీ నా కొడుకు!

"రంగు సరే గానీ, తలుపెప్పుడు నాయనా?" అన్నాను.

వాడు కోడలి వైపు చూశాడు. కోడలు పెయింటర్ వైపు చూసింది. పెయింటర్ సీలింగ్ వైపు చూశాడు.

"నీకు తలుపెందుకమ్మా?" అన్నాడు వాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

తలుపేసుకుంటే మీరు పిలిచినా మాకు వినపడదత్తయ్యా అంది కోడలు. మీరు పిలిచినా నాకు వినపడకూడదనే అని నేననలేదు. కొత్తింట్లో గొడవెందుకు?

మీకైతే చెప్తాను. నాకు ఊరికే కూర్చోవాలనుంటుంది. తలుపు లేని గదిలో ముసలిది ఊరికే కూర్చుంటే ఊరుకుంటారా? ఒంట్లో బాలేదా అంటారు. పడుకుంటే మాత్ర వేసుకున్నావా అంటారు. ఎప్పటిదో ఒక మాట గుర్తొచ్చి నవ్వుకుంటే, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. ఎవరికీ జవాబు చెప్పకుండా, ఒక్క గంటసేపు, నా మొహం నా ఇష్టమొచ్చినట్టు పెట్టుకుని కూర్చోవాలి. అంతకంటే నాకేం రహస్యాలున్నాయి?

అందుకని కళ్ళజోడు పెట్టుకుని కార్డు విప్పాను. ఈ తెలుపు బాగుంది కానీ కొంచెం అదోలా ఉంది అన్నాను. అదోలా అంటే ఏంటత్తయ్యా అంది. ఏమో, పొద్దుటి వెలుతురులో చూడాలి అన్నాను. పొద్దునైతే, సాయంత్రం వెలుతురులో చూడాలి అన్నాను. మబ్బు పడితే, ఎండ రానివ్వండి అన్నాను. నేను సొంతంగా కనిపెట్టిందేమీ లేదు, అన్నీ వాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటలే.

నా గది తేలితే గానీ పెయింటర్ కదలడు. పెయింటర్ కదిలితే గానీ హాల్లోంచి నిచ్చెన కదలదు. నిచ్చెన కదిలితే గానీ సోఫా కవరు విప్పడానికి లేదు. కోడలి ఆఫీసువాళ్ళు ఇల్లు చూస్తామని ఎదురుచూస్తున్నారు. జన్మలో మొదటిసారి ఇల్లు మొత్తం నా నోటి వైపు చూస్తోంది! పని పూర్తి కానివ్వకండని ఊరికే అన్నానా?

చూసి చూసి మా అబ్బాయే పిలిపిస్తే నిన్న కార్పెంటర్ వచ్చాడు. పెయింటర్ బల్లని లేపి, తుడిచి, నా గుమ్మానికి బిగించాడు. మా ఇంటికొచ్చిన తెలుపులన్నీ దాని మీద చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. అడుగున సందుంది. పిల్లి వస్తే రానివ్వండి, అది మాత్ర వేసుకున్నావా అని అడగదుగా. మనసు నిండిపోయింది. అందరూ గదిలోంచి బయటికి వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, గడియ కోసం చేత్తో తడిమాను. పైన లేదు. కింద లేదు. తలుపు తీసి చూస్తే గడియ బయట ఉంది.

సారు అలాగే చెప్పారమ్మా అన్నాడు కార్పెంటర్.

సారు వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "లోపల గడియ పెట్టుకుని నువ్వు పడిపోతే ఎలాగమ్మా? నీ మంచికే కదా."

మరి బయట గడియ ఎవరి మంచికో నేనడగలేదు. గాలికి తలుపు కొట్టుకోకుండా అని వాడే చెప్పాడు. నేను వెళ్ళి మంచం మీద కూర్చుని, షేడ్ కార్డ్ మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

ఇందాక వాడు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏదో ఒకటి చెప్పెయ్యమ్మా, పెయింటర్ పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నాడు."

"చెప్తాను నాయనా, నాకు మాత్రం సరదానా?" అన్నాను. "ఆ కార్పెంటర్ని ఒక్కసారి పిలిచి, లోపలివైపు చిన్న గడియ బిగించమను. దాని పక్కన ఏ తెలుపు నప్పుతుందో చూసి అప్పటికప్పుడు చెప్పేస్తాను."