కంప్యూటర్లో నిండిన చెరువు

మా మండల ప్రజలకు తెలియజేయడమేమనగా, ఐలేశం మిరపచేను ఏళ్లుగా నీట మునిగి ఉంది. ఎవరూ ఆందోళన చెందనక్కరలేదు. నీళ్లు చేనులో లేవు, మండల కార్యాలయం కంప్యూటర్లో ఉన్నాయి.

చిట్యాల దాటి రోడ్డు దిగితే వచ్చే రెండెకరాల ఎర్రనేల అది. ఎప్పుడో ఎవరో దాన్ని చెరువు భూమిగా రాశారు. ఐలేశం, అదే చేనును నమ్ముకుని బతికే అతని అక్క నర్సింగమ్మ, ఇద్దరూ ఏడాదిపాటు జిల్లా కార్యాలయం మెట్లెక్కి, అది చెరువు కాదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. బోరు కూడా వేశారు. దానికి కరెంటు రావాలంటే మండల అధికారి దామోదర్ గారి సంతకం కావాలి.

దామోదర్ గారు ఉత్తర్వును భక్తితో చదివి, కంప్యూటర్ వైపు తిరిగారు. అందులో చెరువే ఉంది.

“కాగితం ఎవరైనా రాయొచ్చు ఐలేశం. కంప్యూటర్ అబద్ధమాడదు.”

“సారూ, ఒక్కపారి వచ్చి చూడుండ్రి. గొంతు తడుపుకుందామన్నా సుక్క నీళ్లు లేవు గాడ. మిరప ఎండిపోతాంది.”

అధికారి అంటే అలా ఉండాలి, ఆయన నిజంగానే వచ్చారు. గట్టు మీద బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, దుమ్ములో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. “నీటిమట్టం కంటికి కనిపించనంత దిగువన ఉన్నది” అని నివేదిక పంపారు.

నివేదిక అందిన వారానికే చేపపిల్లల వ్యాను వచ్చింది. ఒక నాయకుడు మైకు పట్టుకుని, “ఈ నిండు చెరువును చూస్తుంటే నా గుండె నిండిపోతోంది” అని ప్రసంగించి, మిరప సాళ్లలో చేపలను వదిలాడు.

“అయ్యో, పానం పోతది గదయ్యా వాటికి!” అంటూ నర్సింగమ్మ ఎగిరిపడుతున్న చేపలను బిందెలోకి ఏరి, పక్కచేను బావిలో పోసింది. మర్నాటి పేపర్లో ఆమె ఫోటో కింద ‘ఆదర్శ మత్స్యకార మహిళ’ అని పడింది.

ఇంతలో కార్యాలయానికి ఉజ్మా అనే కొత్త ఆపరేటర్ వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చున్న పావుగంటకే రోగం కనిపెట్టింది.

“సార్, గీ బ్రౌజర్ ఎప్పుడో చూసిన పేజీని దాసుకొని, దాన్నే చూపిస్తాంది. ఆ దాసుకున్నది తుడిస్తే కొత్త పేజీ వస్తది.”

“తుడవడమా? ప్రభుత్వ రికార్డునా?” దామోదర్ గారు కుర్చీలోంచి లేచారు.

“రికార్డు భద్రంగనే ఉంటది సార్. ఇక్కడి పాత నకలే పోతది.”

వెంటనే ఐదుగురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీ నాలుగుసార్లు సమావేశమై, మంగళవారం వద్దని, బుధవారం రాహుకాలం దాటాక మీట నొక్కవచ్చని అనుమతించింది.

బుధవారం ఊరంతా కార్యాలయంలోనే ఉంది. ఉజ్మా మీట నొక్కింది. చెరువు మాయమైంది. పట్టా భూమి, రెండెకరాలు. ఐలేశం కళ్లు తుడుచుకున్నాడు. ఉజ్మా కిందికి చదివింది.

“ఐలేశం ఒక ఎకరం, నర్సింగమ్మ ఒక ఎకరం. విచారణల మీ నాయిన వారసులిద్దర్నీ రాసిండ్రు కాకా.”

నర్సింగమ్మ ముఖం వెలిగింది. ఐలేశం ముఖంలో మాత్రం కరెంటు పోయింది. అతను బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించాడు.

“బిడ్డా, జర ఆ పాతదే పెట్టు.”

“పాతదాంట్ల చెరువున్నది కాకా!”

“ఉంటె ఉండనీ.”

నర్సింగమ్మ విన్నది. “గంతేనా తమ్మీ?” అంది. ఆమె చెంగు దులుపుకుని ముందుకు వచ్చింది. “బిడ్డా, కొత్త కాగితమే అచ్చు తియ్యి. నా ఎకరంల నేను మీటరు పెట్టుకుంట.”

ఆ అచ్చు మీద దామోదర్ గారు సంతకం చేయక తప్పలేదు. కంప్యూటర్ అబద్ధమాడదు మరి.

ఆ మధ్యాహ్నానికల్లా కార్యాలయం ముందు జనం వరస కట్టారు. అందరూ మగవాళ్లే. అందరిదీ ఒకటే విన్నపం: తమ భూముల పేజీలు మాత్రం తుడవొద్దని. నాగరికులం కనుక తోసుకోకుండా నిలబడ్డాం. నాది ఇరవైమూడో నంబరు. నాకు ఇద్దరు చెల్లెళ్లు.