ఈశాన్యంలో సోఫా

ఆదివారం ఉదయం పళ్లు తోముకుంటూనే విజయభాస్కర్ ఆ రోజు చేయాల్సిన పనులన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాడు. మధ్యాహ్నం నిద్ర మానేయాలి. చీకటి పడగానే టెలిస్కోపును డాబా మీదికి చేర్చాలి. దాని స్టాండును ధ్రువ నక్షత్రానికి సరిచేయాలి. ఓరియన్ నక్షత్రాల గుంపులో ఉండే ఆ ఎర్రటి మబ్బును ఫొటో తీయాలి. సోమవారం ఆఫీసుకు వెళ్లగానే ఆ ఫొటోను జీవన్ మొహాన కొట్టాలి. ఈ చివరి పని తలుచుకున్నప్పుడు బ్రష్షు మీద అతని పిడికిలి బిగిసింది.

జీవన్ అంటే పోచారంలోని అతని ఆఫీసులో పక్క సీటు మనిషి. కిందటి నెల విజయభాస్కర్ ముచ్చటపడి తీసిన ఫొటోను చూసి, "ఇందులో నక్షత్రాలేవి సార్? సేమ్యా పారబోసినట్టుంది" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి క్యాంటీను దాకా పాకింది. టీ ఇచ్చే మనిషి కూడా "సేమ్యా సార్" అంటుంటే ఎవరికి మండదు? ఇంకా మండే సంగతేమిటంటే, ఆ ఫొటో నిజంగా సేమ్యాలాగే ఉంది.

తప్పు కెమెరాది కాదు, స్టాండుది. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు ఆకాశంలో జరుగుతుంటాయి. వాటి వెంట టెలిస్కోపును మెల్లగా తిప్పాలంటే స్టాండు ఇరుసు సరిగ్గా ఉత్తర ధ్రువం వైపు చూడాలి. ఏ కాస్త అటూ ఇటూ అయినా ప్రతి చుక్కా గీతై కూర్చుంటుంది. అందుకని అతను చిన్న కెమెరా ఒకటి కొని స్టాండుకు బిగించాడు. అది ధ్రువ నక్షత్రం చుట్టుపక్కల చుక్కలను చూసి, ఏ మర ఎంత తిప్పాలో ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంది. కాకపోతే ధ్రువ నక్షత్రం కనపడాలి. హైదరాబాదులో అది నేలకు దగ్గరగా, ఇళ్ల మధ్య నక్కి ఉంటుంది. వాళ్ల నాచారం అపార్టుమెంటు డాబా మీద ఇటు లిఫ్టు గది, అటు పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు. ఆ రెండింటి మధ్య సందులోంచి అది కనపడే చోటు డాబా మొత్తం మీద ఒక్కటే, తూర్పు గోడ పక్కన. ఆ చోటును వెతికి పట్టుకోవడానికే అతనికి నెల పట్టింది. స్టాండు మూడు కాళ్లకీ నేల మీద పసుపు రంగుతో మూడు గుర్తులు వేసుకున్నాడు.

కాఫీ కప్పుతో డాబా ఎక్కి చూస్తే, సరిగ్గా ఆ మూడు గుర్తుల మీద ఒక సోఫా ఉంది.

పాత సోఫా. ఒక చెయ్యి ఊడింది, స్పంజి బయటికొచ్చింది. డాబా మీద అంత జాగా ఉండగా అది అక్కడికే వచ్చి ఎందుకు కూర్చుందో ఆ దేవుడికే తెలియాలి. అపార్టుమెంటులో డాబా అందరిదీ అంటారు. అందరిదీ అంటే ప్రెసిడెంటుదని అర్థం. ఆ ప్రెసిడెంటు కనకరాజు, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, రెండో అంతస్తులో ఉంటాడు. విజయభాస్కర్ మెట్లు దిగి ఆ తలుపు బాదాడు.

"ఏంటండీ ఇది? డాబా ఏమన్నా మీ గోడౌనా?"

"జర కూల్‌గుండున్రి సార్," అన్నాడు కనకరాజు. "కొత్త సోఫా వచ్చింది. పాతది అమ్ముడు పోయేదాంక పైన ఉంటది. మీ మిషన్ జర పక్కకు పెట్టుకోన్రి."

"పక్కన పెడితే ధ్రువ నక్షత్రం కనపడదండీ!"

"గన్ని చుక్కలున్నయి గద సార్. ఇంకోటి సూస్కోన్రి."

విజయభాస్కర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకో చుక్కట! ఈ మనిషికి భూమి ఇరుసు గురించి చెప్పడం దండగ. అయితే కనకరాజు బలహీనత ఒకటి అతనికి తెలుసు. మూడో అంతస్తులో తనదే ఇంకో ఫ్లాటు ఆరు నెలలుగా అద్దెకు పోవడం లేదని, ఆ మనిషి వాస్తు పేరు చెప్పి చెప్పుల స్టాండు దగ్గర్నుంచి గ్యాసు పొయ్యి దాకా అన్నీ జరిపాడు. విజయభాస్కర్‌కు వాస్తు పేరెత్తితేనే చిరాకు. అయినా కోపంలో ఏది చేతికందితే దాంతోనే కొడతాడు మనిషి.

"సరే, అక్కడే ఉంచుకోండి. ఈశాన్యంలో ఇంత బరువు పెట్టి, ఫ్లాటు ఎందుకు ఖాళీగా ఉందని ఊరంతా అడగండి."

కనకరాజు మొహంలో నవ్వు తగ్గింది. "గది ఈశాన్యం కాదు సార్. ఈశాన్యం మూలకుంది. ఆడ నేను చీపురు గూడ పెట్టనియ్య."

"ఆ మూల ఈశాన్యమని ఎవరన్నారు? బిల్డరేగా? అతను దిక్సూచి పెట్టుంటాడు. ఇనప చువ్వల పక్కన పెడితే దిక్సూచి ఏ దిక్కైనా చూపిస్తుంది. నా మిషన్ నక్షత్రాన్ని చూసి చెబుతుంది. అసలు ఈశాన్యం మీ సోఫా కింద ఉంది!"

అందులో సగం నిజం, సగం ఒట్టి కోపం. కాఫీ చల్లారకముందే కనకరాజు, వాచ్‌మెన్ కలిసి సోఫాను మోసుకెళ్లి లిఫ్టు గది వెనక, బరువుండొచ్చనే నైరుతిలో పడేశారు.

"మీకు వాస్తంటే పడదుగా?" అంది కామాక్షి, మొగుడు గెలుపు మొహంతో ఇంట్లోకి రావడం చూసి.

"ఇవాళ ఒక్కరోజుకి పడుతుంది," అన్నాడు విజయభాస్కర్.

మధ్యాహ్నం ఉప్పల్ నుంచి ఎవరో కొత్త దంపతులు వచ్చి, మూడో అంతస్తు ఫ్లాటు చూసి, నిలబడ్డ కాళ్లమీదే అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు. కనకరాజు భార్య సారలమ్మ గిన్నె నిండా పాయసం పట్టుకుని పరుగున వచ్చింది. "అన్న నోటి మాట అమృతమక్కా! సోఫా తీసిన్రో లేదో, కిరాయికి మనుషులొచ్చిన్రు," అంటూ కామాక్షి చేతులు పట్టుకుంది. విజయభాస్కర్ మూత తీసి చూశాడు. సేమ్యా పాయసం. అతను మూత పెట్టేసి గిన్నెను దూరంగా జరిపాడు.

చీకటి పడుతుండగా స్టాండు మూడు కాళ్లూ పసుపు గుర్తుల మీద దించాడు. టెలిస్కోపు ఎక్కించి, బరువు సరితూగేలా అటు వైపు ఇనప గుండ్లు బిగించి, ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద ధ్రువ నక్షత్రం, దాని పక్కన చిన్న చిన్న చుక్కలు మెరిశాయి. ఒక ఫొటో తీసి, స్టాండు ఇరుసును పావు చుట్టు తిప్పి, ఇంకో ఫొటో తీశాడు. ఎంత తేడా ఉందో తెర మీద బాణం గుర్తు పడింది. ఇక మర తిప్పడమే తరువాయి అనుకుంటుండగా వెనక చెప్పుల చప్పుడైంది. కనకరాజు అపార్టుమెంటు మొత్తాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"సార్ మిషన్‌ల అసలు ఉత్తరం కనవడ్తదట. అందరు సూడున్రి," అంటూ ఆయన చనువుగా స్టాండు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తెర మీద చుక్కలన్నీ ఎగిరిపడ్డాయి.

"చెయ్యి తీయండి!"

కనకరాజు చెయ్యి తీశాడు. ఎవరో పిల్ల కాలు వైరుకు తగిలింది. ఇంకెవరో టార్చి వేసి ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూశారు. విజయభాస్కర్ పళ్లు కొరుకుతూ, మరలు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, చివరికి బాణాన్ని కచ్చితంగా చోటుకు చేర్చాడు. ఆ స్టాండు అంత సరిగ్గా ఎప్పుడూ కుదరలేదు. ఇవాళ నక్షత్రాలు గుండ్రంగా రాక చస్తాయా అనుకున్నాడు.

కనకరాజు మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, స్టాండు వెంట చూశాడు. తరవాత గోడ వెంట చూశాడు. మళ్లీ స్టాండు వెంట చూశాడు.

"సార్, మిషన్ వంకరున్నట్టుంది. గోడకు సరిగ లేదు."

అంతే. పొద్దున్నుంచి పడ్డ తిప్పలన్నీ ఒక్కసారిగా విజయభాస్కర్ గొంతులోకి వచ్చాయి.

"మిషన్ కాదండీ వంకర! మీ బిల్డింగే వంకర!"

టార్చి పట్టుకున్న మనిషి దాన్ని గోడ వైపు తిప్పాడు, అందరూ అటే చూశారు. తూర్పు ముఖం ఫ్లాట్లని ఎక్కువ పెట్టి కొనుక్కున్న మనుషులు వాళ్లంతా.

"అంటే..." అన్నాడు కనకరాజు. "మనది దిక్కులకు సరిగ లేని విదిక్కు బిల్డింగా సార్?"

"విదిక్కో, దిక్కులేనిదో, నాకు తెలియదు. వంకర మాత్రం నిజం. దయచేసి నన్ను వదిలేయండి!"

వదిలేశారు. అందరూ ఒక్క ఊపున కిందికి పరుగెత్తారు. దక్షిణానికి తల పెట్టి పడుకుంటున్నామనుకున్న వాళ్లు తలలు ఎటు పెడుతున్నారో తెలియక, ప్రతి ఇంట్లోనూ మంచాలు లాగడం మొదలుపెట్టారు. ఐదు అంతస్తుల్లోనూ మంచాలు, బీరువాలు, దేవుడి మందిరాలు గరగరమంటూ జరుగుతున్నాయి. ఒక్కో బీరువాకూ డాబా సన్నగా అదిరింది. విజయభాస్కర్ తీసిన మొదటి ఫొటో తెర మీదికి వచ్చింది. ఈసారి సేమ్యా కూడా కాదు, జంతికలు.

"ఆపండర్రా!" అని పిట్టగోడ మీంచి అరిచాడు. కింద ఎవరో "ఏ దిక్కుకు ఆపాలె సార్?" అని భక్తిగా అడిగారు.

బీరువాలు సద్దుమణిగే వేళకు కనకరాజు అందరితో కలిసి మళ్లీ పైకి వచ్చాడు. ఈసారి వెంట చెంగిచెర్ల నుంచి బండి మీద రప్పించిన వాస్తు మనిషి హృషికేశ్ ఉన్నాడు. పాతికేళ్లుంటాయేమో, నుదుటి మీద బొట్టు, చేతిలో పెద్ద ఫోను. ఫోనును అరచేతిలో పెట్టుకుని డాబా చుట్టూ నడిచి, "నా యాప్‌ల బిల్డింగ్ కరెక్టే చూపిస్తుంది," అన్నాడు.

విజయభాస్కర్‌కు ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఈ మాట వింటే వీళ్లంతా కిందికి పోయి పడుకునేవాళ్లు, డాబా అతనికే మిగిలేది. నోరు మూసుకుంటే చాలు. కానీ తను కచ్చితంగా కుదిర్చిన ఉత్తరాన్ని ఒక ఫోను తప్పంటుంటే నోరెలా మూసుకుంటాడు?

"ఏదీ, ఆ ఫోను ఇటివ్వు," అని లాక్కుని లిఫ్టు మోటారు దగ్గర పెట్టాడు. యాప్‌లోని దిక్సూచి ముల్లు గిర్రున అవతలికి తిరిగింది. "చూశావా నీ ఉత్తరం? ఇదుగో, ఇదీ ఉత్తరం!" అంటూ అతని మెడ పట్టుకున్నంత పని చేసి ల్యాప్‌టాప్ ముందు నిలబెట్టాడు. నక్షత్రాలు ఎలా తిరుగుతాయో, ధ్రువం ఎక్కడుందో, బాణం ఎందుకు అక్కడ ఆగిందో ఏకబిగిన చెప్పాడు.

హృషికేశ్ తెరను చూశాడు. చుట్టూ చేరిన మొహాలను చూశాడు. తెలివైన కుర్రాడు. "సార్ చెప్పిందే ఫైనల్," అన్నాడు. "గింత పక్కా ఉత్తరం నేను ఎన్నడు సూడలె. సార్ గీసిన లైనే మనకు లైను."

పొద్దున్నుంచి మొదటిసారి విజయభాస్కర్‌కు కోపం చల్లారింది. సుద్దముక్క తెప్పించి, తాడు ఒక కొస తనే పట్టుకుని, స్టాండు చూపిన ఉత్తరానికి సమాంతరంగా డాబా మధ్య నుంచి గీత కొట్టించాడు. అక్కణ్నుంచి ఈశాన్యానికి ఇంకో గీత కూడా ఉత్సాహంగా తనే గీయించాడు. ఆ గీత తిన్నగా వెళ్లి స్టాండు మూడు కాళ్ల మధ్య ఆగింది.

"అబ్బ! పొద్దున సార్ నోటికి చెప్పిండు, ఇప్పుడు లెక్క గూడ అదే చెప్పింది," అని కనకరాజు దండం పెట్టాడు.

హృషికేశ్ ఇనప గుండ్లను వేలితో తట్టాడు. "ఈ మిషన్ బరువు ఎంతుంటది సార్?"

"మొత్తం ముప్పై కిలోల పైనే," అన్నాడు విజయభాస్కర్ గర్వంగా. "బరువు లేకపోతే గాలికి కదిలిపోదూ?"

ఆ మాట అన్నాక కూడా అతనికి వెలగలేదు. కనకరాజు గొంతు తగ్గించి, చావు కబురు చెబుతున్నట్టు అన్నాడు. "తియ్యాలె గద సార్. ఈశాన్యంల బరువు. మీరే అంటిరి."

"అది ఊరికే అన్నానండీ! మీ సోఫా తీయించడానికి అబద్ధం చెప్పాను! వాస్తూ లేదు, గీస్తూ లేదు. నాకు ఈ చోటు తప్ప ఇంకెక్కడా ధ్రువ నక్షత్రం కనపడదు!"

"ఊరికే అన్నదే గింత నిజమైంది," అంది సారలమ్మ, చెంపలు వేసుకుంటూ. "పెద్దోళ్లు తమ గొప్ప ఎప్పుడు ఒప్పుకోరు."

"కామాక్షీ, నువ్వైనా చెప్పు వీళ్లకి!"

కామాక్షి మొగుడి వైపు, సుద్దగీతల వైపు చూసింది. "ఏం చెప్పమంటారు? మీరు గీసిన గీతేగా. అబద్ధమని చెప్పమంటారా?"

అతను నోరు తెరిచాడు. గీత తప్పని అంటే ఇవాళ్టికి బయటపడతాడు. అనలేకపోయాడు. చచ్చినా ఆ గీత తప్పు కాదు. నలుగురు మగవాళ్లు భయభక్తులతో టెలిస్కోపును ఎత్తారు. "నెమ్మది! నెమ్మది, ఆ మర తగలనివ్వకండి!" అని అరుస్తూ అతనే వాళ్ల వెనక నడిచాడు.

అపార్టుమెంటు వాళ్లు కృతజ్ఞత లేని మనుషులు కారు. వారం తిరగకుండా లిఫ్టు గది వెనక నైరుతిలో అతనికి సిమెంటు దిమ్మె కట్టించారు. మిషన్ ఎండకూ వానకూ పాడవకూడదని పైన రేకు కూడా వేయించారు. ఈశాన్యంలో పసుపు గుర్తులను తుడిచేసి, అక్కడెవరూ ఏమీ పెట్టకుండా కనకరాజు రోజూ కాపలా కాస్తున్నాడు. ఆఫీసులో అతను ఇప్పటికీ సేమ్యా సారే.

ఆదివారం సాయంత్రాలు విజయభాస్కర్ అలవాటు కొద్దీ డాబా ఎక్కుతాడు. ఎదురుగా లిఫ్టు గది గోడ, నెత్తిన రేకు. కామాక్షి కాఫీ తెచ్చి పక్కన కూర్చుంటుంది.

"కనిపిస్తోందా?" అని అడుగుతుంది.

"ఏం కనిపిస్తుంది, నా మొహం!" అని విసుక్కుని అతను వెనక్కి వాలుతాడు. ఒక చెయ్యి లేకపోయినా, సోఫా మాత్రం మెత్తగానే ఉంది.