చిగుళ్ళ కింద రెండో కాపురం

ఇంట్లోనే బట్టలు కుట్టే ఆ ఇల్లాలికి ఆ పొద్దున ఆలోచన ఒక్కటే. బడి చొక్కాలకు కాజాలు కుట్టేసి, ఎండెక్కకముందే మిషను మూసి, కాస్త నడుం వాల్చాలి. భర్త డ్రిల్లు మాస్టారు ఈల మెళ్ళో వేసుకుని బడికి పరిగెత్తాడు గానీ, సెల్‌ఫోను మిషను బల్ల మీదే మరిచిపోయాడు. అది మోగింది. తెర మీద ‘పన్ను’ అని ఉంది. ఇంటి పన్ను వాళ్ళనుకుని, కాలితో మిషను తొక్కుతూనే ఎత్తింది.

అవతల ఆడగొంతు. పేరు మిషను చప్పుడులో కొట్టుకుపోయింది.

"మాస్టారి ఇల్లేనా? ఆయన ఇంట్లో చెప్పొద్దన్నారు గానీ, చెప్పకపోతే ప్రమాదం. ఆయనది రెండో కాపురమమ్మా. చాలా ఏళ్ళ నాటిదే. వాళ్ళ వంశంలోనే ఉందేమో, పెద్దాయన్ని అడగండి. మళ్ళీ చేస్తాను."

కాలు ఆగింది. మిషను ఆగింది.

మాట్లాడింది పళ్ళ డాక్టరమ్మ. బాక్టీరియా అంటే జనం హడలిపోతారని ఆవిడ ఆ మాటే నోట రానివ్వదు. పళ్ళ మీద ఉండే సూక్ష్మజీవిది మొదటి కాపురం, చిగుళ్ళ కిందికి దిగినదానిది రెండో కాపురం. ఆవిడ భాష మాస్టారికి తెలుసు. సోడా మూతలు పళ్ళతో ఊడదీసి గొప్పలు పోయే మనిషి, చిగుళ్ళలోంచి నెత్తురొస్తోందని ఇంట్లో ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? అందుకే ఆటల ప్రాక్టీసని చెప్పి సాయంత్రాలు ఆవిడ దగ్గరికి వెళ్ళొస్తున్నాడు. ఇల్లాలికి తెలిసింది ప్రాక్టీసు ఒక్కటే.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, విన్నది విన్నట్టు అత్తగారికి అప్పజెప్పింది. అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూనే కొడుకును వెనకేసుకొచ్చింది. ఈల ఊదడం తప్ప వాడికి మరో విద్య రాదంది. వంశం మాట దగ్గర మాత్రం ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఇలాంటివి మా ఇంటా వంటా లేవు అమ్మాయ్. కావాలంటే మీ మామయ్యనే అడుగు."

వరండాలో పేపరు పట్టుకున్న మామగారికి అంతా వినిపించింది. ఆ తర్వాత ఆయన పేజీ తిప్పలేదు. కాసేపటికి లేచి, అప్పటికే తడిసి ఉన్న పూలకుండీలకు మళ్ళీ నీళ్ళు పోయసాగారు.

మధ్యాహ్నం మాస్టారు ఫోను కోసం వచ్చాడు. భార్య గుమ్మంలోనే ఆపింది.

"రెండో కాపురం సంగతి తెలిసింది."

మాస్టారు దవడ పట్టుకున్నాడు. "ఆవిడ చెప్పేసిందా?"

"ఎప్పట్నించి?"

"రెండేళ్ళుంటుంది. మొదట్లో భయమేసింది. తర్వాత అలవాటైపోయింది."

"ఆవిడలో ఏం చూసి వెళ్తున్నారు?"

"చెయ్యి మెత్తన. నొప్పి తెలీనివ్వదు. నువ్వూ ఓసారి రారాదూ? పోనీ, అమ్మనీ తీసుకెళ్దాం."

వంటింట్లో మూత ఒకటి కిందపడి, గిరగిరా తిరిగి తిరిగి ఆగింది. ఇల్లాలు మిషను మీద చొక్కాలన్నీ తీసి పక్కన పడేసి, దాన్ని గుమ్మం వైపు ఈడ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆమె తనదని చెప్పుకోగలిగింది ఆ మిషనొక్కటే. అది గడప దాటిందంటే ఆమె ఇక తిరిగి రాదు. గచ్చు మీద ఇనప కాళ్ళు కీచుమన్నాయి. మాస్టారికి తను చేసిన నేరమేమిటో తెలియదు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినందుకే కాపురం కూలుతుందా అని అడగడానికి నోరు తెరిచాడు గానీ, ఆ కీచు చప్పుడులో అతని మాట కలిసిపోయింది.

మిషను ముందు కాళ్ళు గడప ఎక్కాయి. మామగారు చెంబు కింద పెట్టి అడ్డం వచ్చి నిలబడ్డారు.

"ఆగు తల్లీ. వాణ్ణేమీ అనకు. తప్పు నాది. ఆవిడ ఇన్నాళ్ళకి నీకు ఫోను చేస్తుందనుకోలేదు. మా ఇద్దరి మధ్యా అదెప్పుడో తెగిపోయింది."

అత్తగారు కత్తిపీట ముందునుంచి లేచి వచ్చింది. "ఏ ఆవిడ?"

సరిగ్గా అప్పుడే ‘పన్ను’ మళ్ళీ మోగింది. ఇల్లాలు అందరికీ వినబడేట్టు పెట్టింది. డాక్టరమ్మ పొద్దున సగంలో పెట్టేసినందుకు ఏమీ అనుకోవద్దంది. చిగుళ్ళ కింద కాపురమున్న పురుగు ఉమ్మితో ఇంట్లో ఒకరినుంచి ఒకరికి అంటుతుందట. అందరి చిగుళ్ళూ ఒక్కలా పాడవవట. కొంత తల్లిదండ్రుల నుంచి వచ్చేదాన్ని బట్టి కూడా ఉంటుందట. ముదిరితే గుండెకూ మంచిది కాదంటున్నారట.

"అందుకేనమ్మా, పెద్దాయన పళ్ళు ఏ వయసులో ఊడాయో అడగమన్నాను. అడిగారా?"

మాస్టారు పెదవి కిందికి లాగి భార్యకు చిగురు చూపించాడు. ఎర్రగా వాచి ఉంది. ఆమె చూసి, గట్టిగా ఊపిరి వదిలి, మిషను వెనక్కి లాగబోయింది.

"ఉండు అమ్మాయ్," అంది అత్తగారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "దాన్ని కాస్త పక్కకి జరుపు చాలు. మీ మామయ్య పెట్టె బయటికి పట్టాలి."

డాక్టరమ్మ మందులకు చిగుళ్ళ కింది కాపురం ఖాళీ చేసి వెళ్ళిపోయింది. మామగారి కాపురం మాత్రం వరండాలోకి మారింది.